కుక్కకైతే తొమ్మిది డాలర్లు

ఆర్డిస్ క్వామె నోట్లో నువ్వుగింజ నానదని హెగ్‌లండ్ ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరింట్లో ఏ కూర మాడిందో, ఎవరి ట్రాక్టర్ ఎవరి కంచెలో దూరిందో ముందుగా తెలిసేది ఆమెకే, ముందుగా తెలిపేదీ ఆమే. అరవై మూడేళ్ళ మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. కళ్ళజోడు గొలుసుకు వేలాడుతూ ఉంటుంది, ఆమె దాన్ని ఇల్లంతా వెతుకుతూ ఉంటుంది. ఉత్తర డకోటాలో ఆ మూలకి ఉన్న ఒకే ఒక్క మందుల షాపు ఆమెది. అది దాటితే మళ్ళీ అరవై మైళ్ళవతల మైనాట్‌లోనే మందు దొరుకుతుంది. చలికాలంలో ఆ అరవై మైళ్ళూ మంచు కరుణిస్తేనే.

షాపులో మందులతోపాటు ఉన్ని తొడుగులు, పుట్టినరోజు కార్డులు, ఎలుకల బోనులు కూడా అమ్ముతుంది. పరాచకాలు మాత్రం ఊరికే ఇస్తుంది. ఒక శనివారం పాస్టర్ గొంతు నొప్పికి బిళ్ళలు కావాలని వస్తే, "సోమవారం దాకా మాట పెగలనివ్వని రకం ఉంది, ఇమ్మంటారా? ఊళ్ళోవాళ్ళు చందా కూడా వేసుకున్నారు" అంది. పాస్టర్ ఆ ఆదివారం పావుగంట తక్కువ ప్రసంగించాడు. ఆ ఘనత ఇప్పటికీ ఆమె ఖాతాలోనే ఉంది. అయితే ఒకటి చెప్పాలి. ఎవరు ఏ మందు వాడుతున్నారన్నది మాత్రం ప్రాణం పోయినా ఆమె నోటినుంచి రాదు. భర్త లీలండ్ బతికుండగా ఆయనక్కూడా చెప్పేది కాదు.

అలాంటి మనిషి నోటికి తాళం వేసింది ఒక కాగితం. కాగితం కూడా కాదు, నలభై పేజీల ఒప్పందం. ఇన్సూరెన్సు వాళ్ళకీ మందుల షాపులకీ నడుమ ఒక మధ్యవర్తి కంపెనీ ఉంటుంది. అది మందు తయారు చెయ్యదు, కట్టివ్వదు, ఎవరికీ దగ్గు తగ్గించదు. ఇన్సూరెన్సు కార్డు చూపించినవాడు ఏ మందుకు ఎంత కట్టాలో తేల్చేది మాత్రం అదే. ఏటా ఏప్రిల్లో ఆ ఒప్పందం మీద సంతకం పెట్టకపోతే ఊళ్ళో ఎవరి కార్డూ ఆ షాపులో పనిచెయ్యదు. కార్డు పనిచెయ్యని షాపుకు తాళం పెట్టుకోవడమే తరువాయి.

ఆ ఒప్పందంలో ముప్పై ఒకటో పేజీ ఉంది. కొన్ని పాత మందులకు కార్డుతో కట్టేదాని కంటే కార్డు లేకుండా కొంటే తక్కువవుతుంది. రోగి ముప్పై ఎనిమిది డాలర్లు కడతాడు, మందు తొమ్మిది డాలర్లది, మిగిలిన ఇరవై తొమ్మిదీ కంపెనీ షాపు దగ్గర్నుంచి వెనక్కి లాక్కుంటుంది. ఈ సంగతి షాపువాళ్ళు తమంతట తాము రోగికి చెప్పకూడదని ఆ పేజీ చెబుతుంది. రోగి గాని, ఇంట్లోవాళ్ళు గాని తమ మందు గురించి తామే అడిగితే చెప్పవచ్చు. అడగకపోతే నోరు మెదపకూడదు. మెదిపితే ఒప్పందం రద్దు.

ఇంకో ఊళ్ళో అయితే ఇదేం పెద్ద ఇబ్బంది కాదు, జనం అడుగుతారు. హెగ్‌లండ్‌లో అడగరు. తాతల నాడు నార్వే నుంచి వచ్చి గోధుమ వేసుకున్న కుటుంబాలవి. కాఫీ ఇస్తానంటే రెండుసార్లు వద్దని మూడోసారికి గాని కప్పు అందుకోరు. పదిమంది ముందు ధర అడగడమంటే జేబులో డబ్బు లేదని చాటుకోవడమే అనుకుంటారు. ఎంతంటే అంత కట్టేసి, థాంక్స్ చెప్పి, ఇంటికెళ్ళి మాత్రను కత్తితో రెండు ముక్కలు చేసుకుంటారు.

టోర్వాల్డ్ బాకెన్ చేసింది అదే. డెబ్బై ఎనిమిదేళ్ళ గోధుమ రైతు. భార్య పోయాక పద్నాలుగేళ్ళ ముసలి కుక్క బస్టర్‌తో ఒంటరిగా ఉంటున్నాడు. ధాన్యం గిడ్డంగి దగ్గర బస్తాకు రెండు సెంట్లు తక్కువిచ్చారంటే గంటసేపు కదలకుండా నిలబడి తగువుపడే మనిషి. కాని తన గుండె మాత్ర దగ్గరికొచ్చేసరికి నోరు పడిపోయేది. ముప్పై రోజుల మందు తీసుకెళ్ళి అరవై రోజులకు మళ్ళీ కనిపించేవాడు. ఆర్డిస్‌కి లెక్క తెలుసు. చెప్పకూడదనీ తెలుసు. అందుకే ఆయన వచ్చినప్పుడల్లా మాట కలిపి చూసేది.

"ఇంకేమైనా అడగాలా, పెద్దాయనా?" అనేది.

"ఏం లేదమ్మాయ్."

"ఏదైనా సరే. వాన, మంచు, ధరలు..."

"గోధుమ ధర నీకేం తెలుసు?"

"గోధుమది తెలీదు. నాకు తెలిసిన ధరలు వేరే ఉన్నాయి. ఎవరైనా అడిగితే చెప్దామని ఎదురుచూస్తున్నా."

"మంచిది" అని టోర్వాల్డ్ ముప్పై ఎనిమిది డాలర్లు బల్ల మీద పెట్టి టోపీ సర్దుకుని వెళ్ళిపోయేవాడు.

గల్లా దగ్గర "ఏదైనా అడగండి" అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టింది. మూడు వారాల్లో ఆ బోర్డు చూసి ముగ్గురు అడిగారు. ఒకావిడ రూబార్బ్ కాడలతో మిఠాయి ఎలా చెయ్యాలో అడిగింది. ఒకాయన బాత్‌రూమ్ ఎటని అడిగాడు. పాస్టర్ మాత్రం లోపలికి వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఆ చందా ఎంత వసూలైంది?" అని అడిగి వెళ్ళాడు. ఆర్డిస్ బోర్డు తీసేసింది.

నవంబరులో బస్టర్‌కి గుండె జబ్బు వచ్చింది. పశువుల డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఆర్డిస్ ఆ చీటీ చదివి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివింది. ఎనలాప్రిల్, అయిదు మిల్లీగ్రాములు. టోర్వాల్డ్ వేసుకునే మందే, అదే మోతాదు. రెండూ ఒకే పెద్ద సీసాలోంచి లెక్కపెట్టి పొయ్యాలి. తేడా ఒక్కటే, బస్టర్‌కి ఇన్సూరెన్సు కార్డు లేదు. కాబట్టి బస్టర్ తొమ్మిది డాలర్లు కట్టాలి, టోర్వాల్డ్ ముప్పై ఎనిమిది. దేవుడికి కూడా హాస్యం తెలుసని ఆర్డిస్‌కి ఆ రోజు నమ్మకం కుదిరింది.

రెండు సంచులూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ధరల చీటీలు ఆయన వైపు తిప్పింది. "లోపల కొంచెం పనుంది, పది నిమిషాలు నిలబడు" అని అరల వెనక్కి వెళ్ళి సందులోంచి తొంగి చూసింది. టోర్వాల్డ్ పది నిమిషాలూ పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. బల్ల మీద పరాయివాళ్ళ కాగితాలు చదవడం మర్యాద కాదు, అవి తనవే అయినా సరే. ఆర్డిస్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

రెండు నెలలు అలాగే గడిచాయి. జనవరిలో ఒక గురువారం, షాపులో ఎవరూ లేని వేళ చూసుకుని, టోర్వాల్డ్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది, చలికి కాదు.

"అమ్మాయ్, నిన్నొకటి అడగాలి."

ఆర్డిస్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. "అడుగు, పెద్దాయనా. అడుగు."

"బస్టర్ మందు తొమ్మిది డాలర్లు. నాది ముప్పై ఎనిమిది. సీసాల మీద పేరొకటే ఉంది." ఆయన టోపీ బల్ల మీద పెట్టాడు. "వాడు కుక్కే, కాదనను. కాని పద్నాలుగేళ్ళు నాతో ఉన్నాడు. వాడికి నాసిరకం ఇవ్వకు. నేను వేసుకునేదే వాడికీ ఇవ్వు. ముప్పై ఎనిమిదీ నేనే కడతాను."

ఆర్డిస్ "ఒక్క నిమిషం" అని అరల వెనక్కి వెళ్ళింది. అక్కడ దగ్గు మందు డబ్బాల మధ్య నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కడుపుబ్బ నవ్వింది. నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. రెండూ తుడుచుకుని బయటికొచ్చింది.

"ఇందాకటిది ప్రశ్న కాదు, మనవి. ప్రశ్నలా అడుగు."

"ఎందుకంత తేడా?"

"రెండూ ఒకటే. ఒకే సీసాలోవి. బస్టర్‌కి కార్డు లేదు, నీకుంది."

టోర్వాల్డ్ జేబులోంచి కార్డు తీసి రెండు వైపులా చూశాడు.

"కార్డు చూపించకపోతే నాకెంత?"

"తొమ్మిది."

"అలాగా" అన్నాడు టోర్వాల్డ్. హెగ్‌లండ్‌లో అంత గట్టిగా అలాగా అన్న మనిషి ఎవరూ లేరు. వేరే చోట అయితే కుర్చీలు విరిగేవి. "రెండేళ్ళుగా సగం మాత్రే వేసుకుంటున్నాను."

"నాకు తెలుసు."

"తెలిసే చెప్పలేదా?"

ఆర్డిస్ ముప్పై ఒకటో పేజీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన మర్యాద పక్కన పెట్టి అంతా చదివాడు, వేలితో వరస వెంబడి నడిపిస్తూ. తర్వాత మడిచి ఆమె చేతికిచ్చి, తొమ్మిదీ తొమ్మిదీ పద్దెనిమిది డాలర్లు పెట్టి వెళ్ళాడు. ఆయన తిట్టి ఉంటే ఆర్డిస్ తేలిగ్గా ఊపిరి పీల్చుకునేది. ఆ వారమంతా ఆమెకు తన ముఖం తనకే చూడబుద్ధి కాలేదు. రెండేళ్ళు ఊరందరి కబుర్లూ ఊరంతా చెప్పి, చెప్పాల్సిన ఒక్క ముక్కా మింగి కూర్చున్నానే అనుకుంది.

టోర్వాల్డ్ ఊరంతా తిరిగి చెప్పలేదు. అది ఆయన పద్ధతి కాదు. చర్చి కింది గదిలో కాఫీ దగ్గర ఒక్కడితో అన్నాడు, "మందు కొనేటప్పుడు కుక్కకైతే ఎంత అని అడుగు" అని. అది చాలు. తన కోసం ధర అడగడం పరువు తక్కువ గాని, కుక్క కోసం అడగడంలో తప్పేముంది? సోమవారానికల్లా హెగ్‌లండ్ జనమంతా కుక్కలైపోయారు.

"ఆర్డిస్, ఈ షుగరు మాత్ర కుక్కకైతే ఎంత?"

"నాలుగు డాలర్లు. మనిషికి పంతొమ్మిది."

"సరే, ఇవాళ కుక్కనే."

పాస్టర్ కూడా వచ్చి, కిటికీ బయటికి చూస్తూ, "దేవుడి సృష్టిలో అన్ని ప్రాణులూ సమానమే కదా" అని గొణిగి, కుక్క రేటుకే తీసుకెళ్ళాడు. ఒక ముసలావిడ, "మా ఇంట్లో పిల్లి ఉంది, కుదురుతుందా?" అని దిగులుగా అడిగింది. కుదురుతుందని ఆర్డిస్ ఒట్టేసి చెప్పింది.

ఊళ్ళో కార్డులు గీకడం తగ్గేసరికి కంపెనీ వాళ్ళ ముక్కుకు వాసన తగిలింది. నెలాఖరుకు తనిఖీకి ఒక కుర్రాడు వచ్చాడు, ట్రెంట్ మాడక్స్ అని. మంచులోకి పల్చటి తోలు బూట్లు వేసుకొచ్చాడు. అతని కారు ఊరి మొదట్లోనే గోతిలో దిగబడితే టోర్వాల్డ్ ట్రాక్టర్ పెట్టి లాగాడు. ఎవరింటికెళ్ళి ప్రశ్నలడిగినా ముందు కాఫీ పోశారు, తర్వాత బంగాళదుంపలు, మాంసం కలిపి పొయ్యిలో కాల్చిన హాట్‌డిష్ పెట్టారు. మొదటిసారి పెట్టగానే తినేశాడని, బొత్తిగా పెంపకం లేని పిల్లాడని ఆడవాళ్ళు జాలిపడ్డారు.

"కార్డు లేకపోతే చవకని ఆవిడ మీకు చెప్పిందా?" అని అడిగాడు ఒకావిడను.

"చెప్పలేదు నాయనా."

"మరెలా తెలిసింది?"

"కుక్క గురించి అడిగాను."

"మీకు కుక్క ఉందా?"

"లేదు."

ట్రెంట్ రాసుకోవడం ఆపేశాడు. ఊళ్ళో ఎవరూ ఒక్క అబద్ధమూ ఆడలేదు, అయినా అతనికి ఒక్కటీ చిక్కలేదు. సాయంత్రం షాపుకొచ్చి, ఆర్డిస్ ఇచ్చిన ఉన్ని మేజోళ్ళు తొడుక్కుంటూ, మనసున్న కుర్రాడు కాబట్టి ఉన్నమాట చెప్పాడు.

"మీ తప్పేం దొరకలేదండి. కాని ఏప్రిల్‌కి వచ్చే ఒప్పందంలో ఆ పేజీ మారుతోంది. అడిగినా చెప్పకూడదు. సంతకం పెడితే నోరు మూసుకోవాలి, లేకపోతే షాపు మూసుకోవాలి. నేను చెప్పానని అనకండి."

"ఎవరైనా అడిగితే?" అంది ఆర్డిస్. కుర్రాడు నవ్వాడు గాని, ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నలభై ఏళ్ళుగా తెరిచిన తలుపు అది.

ఆ ఏడాది రాష్ట్ర రాజధాని బిస్మార్క్‌లో శాసనసభ నడుస్తోంది. ఇలా షాపులవాళ్ళ నోరు కట్టేసే షరతులు చెల్లవని ఒక బిల్లు వచ్చింది. ఆ రాష్ట్రంలో ఏ బిల్లు మీదైనా కమిటీ ముందు ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు. ఆర్డిస్ వెళ్ళి చెప్పేద్దామని తయారైంది. తెలిసిన లాయరుకు ఫోన్ చేస్తే ఆయన బెదరగొట్టాడు.

"కార్డు ధరలు అక్కడ బయటపెట్టావంటే మర్నాడే నిన్ను తీసేస్తారు. చట్టం వచ్చేదాకా ఒప్పందం ఒప్పందమే. రోగి గాని, ఇంట్లోవాళ్ళు గాని తమ మందు గురించి అడిగితే తప్ప నోరెత్తకు."

"కుక్క సంగతి చెప్పొచ్చా?"

ఫోన్లో కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. "కుక్క ఒప్పందంలో లేదు" అన్నాడు లాయరు చివరికి.

ఫిబ్రవరిలో, మంచు ఆగిన రోజు, ఆర్డిస్ టోర్వాల్డ్ పికప్‌లో బిస్మార్క్ వెళ్ళింది. కమిటీలో ఏడుగురు. అయిదుగురు రైతులే. అధ్యక్షుడు పామర్ లిండ్‌సెత్ బార్లీ పండిస్తాడు, ఎర్రటి మెడ, బిగుతు కాలరు. ముందు కంపెనీ తరఫున ఒకావిడ మాట్లాడింది. తమ వల్లే మందులు చవకవుతున్నాయని మెత్తగా, తడుముకోకుండా చెప్పి కూర్చుంది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు.

తర్వాత ఆర్డిస్ లేచింది. "నేను బస్టర్ తరఫున వచ్చాను" అంది. బస్టర్ వయసు చెప్పింది, తిండి చెప్పింది, పాస్టర్ గారి బూటు కొరికిన సంగతి చెప్పింది. కమిటీలో ఇద్దరు నవ్వాపుకున్నారు. "వాడికి గుండె జబ్బు. ఎనలాప్రిల్ వేసుకుంటాడు. నెలకు తొమ్మిది డాలర్లు. అదే మాత్ర మనుషులు కూడా వేసుకుంటారు. మనుషులు ఎంత కడతారో నేను చెప్పకూడదు. ఎవరైనా తమ ఇంటి మందు గురించి అడిగితే మాత్రం చెప్తాను."

ఇచ్చిన సమయం అయిపోయింది. "క్వామె గారికి ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని లిండ్‌సెత్ అడిగాడు.

ఎవరూ అడగలేదు. ఏడుగురూ ఆమె వయసువాళ్ళే, ఆమె లాంటి ఇళ్ళల్లో పుట్టినవాళ్ళే. ఒకరు కలం మూత చూసుకున్నారు, ఒకరు నీళ్ళు తాగారు. పరాయి ఆడమనిషిని ఆమె వ్యాపారం గురించి ఆరా తియ్యడం ఎవరికీ బాగా అనిపించలేదు. అరవై మూడేళ్ళకి మొదటిసారి తన జాతి మర్యాద మీద ఆర్డిస్‌కి ఒళ్ళు మండింది. అడగండిరా బాబూ, అడిగి చావండి అని లోపల్లోపల వాళ్ళను తిట్టుకుంది.

ఆ బిల్లు వసంతంలో నెగ్గింది. ముప్పై ఒకటో పేజీ చెల్లకుండా పోయింది, షాపు తెరిచే ఉంది. అవన్నీ పేపర్లో వచ్చాయి. ఆ గదిలో తర్వాత జరిగింది మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు.

ఆమె కూర్చోబోతుంటే లిండ్‌సెత్ గొంతు సవరించుకున్నాడు. "ఆ మాత్ర... చిన్నగా, తెల్లగా ఉంటుందా? మధ్యలో గీత?"

"అవునండి."

"మా ఆవిడది అదే." మైకు తెరిచి ఉందన్న సంగతి ఆయన మరిచిపోయినట్టుంది. "కార్డు మీద నలభై రెండు కడతాం. మరి అది లేకుండా అయితే మాకెంత పడుతుంది?"

"మా షాపులో తొమ్మిదండి."

కంపెనీ ఆవిడ కలం ఎత్తి, అలాగే పట్టుకుని ఉండిపోయింది. రాసుకోవడానికి అక్కడ తప్పేమీ జరగలేదు.

"కట్టేవాళ్ళం" అని లిండ్‌సెత్ మెల్లగా సరిదిద్దుకున్నాడు. "సెప్టెంబరులో మానేసింది. ఒంట్లో బాగానే ఉంది, ఇంక అక్కర్లేదు అంది. బార్లీ ధర పడిపోయిన ఏడాది. నేను... సరే మంచిది అన్నాను."

"ఇంటికి ఫోన్ చెయ్యండి" అంది ఆర్డిస్. "తనంతట తాను మళ్ళీ మొదలుపెట్టొద్దని చెప్పండి. ముందు డాక్టరుతో మాట్లాడమనండి. ఇవాళే."

లిండ్‌సెత్ కమిటీకి పది నిమిషాలు విరామమని చెప్పి బయటికి నడిచాడు. తలుపు సరిగ్గా పడలేదు. "మార్నా, నేనే... లేదు, ఎవరికీ ఏం కాలేదు. నీ మాత్ర ఎందుకు మానేశావో అడుగుదామని చేశాను" అన్నది గదిలో అందరికీ వినిపించింది. తర్వాత ఆయన వింటూ ఉండిపోయాడు.

పది నిమిషాలకు కాదు, పాతిక నిమిషాలకు వచ్చాడు. కళ్ళు మెడంత ఎర్రగా ఉన్నాయి. కూర్చుని కాగితాలు సర్దుకుని, ఆర్డిస్ వైపు చూశాడు.

"డాక్టరుకు చేస్తానంది."

"ఇంకేమన్నారు?" అంది ఆర్డిస్.

"అయిదు నెలల నుంచి నేనెప్పుడు అడుగుతానా అని చూస్తోందట" అన్నాడు లిండ్‌సెత్. తర్వాత మాట్లాడాల్సిన వాళ్ళను రమ్మని పిలిచాడు.